తోపులు, కతినాలు, నాటు తుపాకులు: పండగల్లో పేల్చేటప్పుడు జాగ్రత్తల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హిందూపురం వైపు. దసరాకి మైసూరు, మాల వేసుకున్నప్పుడు శబరిమల, ఈ రెండూ ఇరవై ఏళ్ళ పైనుంచీ పోతూనే ఉన్నా. రెండు చోట్లా తోపు చప్పుడు (మందు దట్టించి పేల్చే ఫిరంగి, ఇనప గొట్టం, ఏదైనా మేం తోపే అంటాం) వినకుండా వచ్చింది లేదు. మా ఊళ్ళో కూడా నా చిన్నప్పుడు అమ్మవారి జాతరకి ఇనప గొట్టంలో మందు దట్టించి పేల్చేవాళ్ళు. అందుకే మా బృందంలో వచ్చే స్వాములు, జాతర కమిటీల్లో ఉండే కుర్రాళ్ళు ఈ విషయం మీద ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఇందులో మందు అన్నప్పుడల్లా తుపాకి మందు అనే అర్థం.

నోటి నుంచి నింపే తుపాకి అంటే ఏంటన్నా? మామూలు తుపాకికీ దానికీ తేడా ఏంటి?

ఇప్పటి తుపాకిలో తూటా వెనక నుంచి పెడతారు, మందూ గుండూ అన్నీ ఆ తూటాలోనే సీలు చేసి ఉంటాయి. పాత రకంలో అలా కాదు, గొట్టం మూతి దగ్గర నుంచి విడి మందు పోసి, దాని మీద గుడ్డ పేలికో పీచో కాయితమో పెట్టి, పొడుగు కడ్డీతో లోపలికి దట్టిస్తారు. ఆ కడ్డీని గజం అంటారు. గొట్టం అడుగున పక్కకి చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లో చిటికెడు రంజకం, అంటే నిప్పు అంటించడానికి వేసే మందు, పోసి నిప్పు పెడితే ఆ నిప్పు లోపలి మందుకి అందుకుంటుంది. ఫిరంగికైనా, నాటు తుపాకికైనా, కేరళ గుళ్ళల్లో పేల్చే కతినాకైనా పద్ధతి ఇదే, సైజులే తేడా. కతినా అంటే చూడ్డానికి రోలు లాగా గిలాస లాగా ఉండే మందపాటి ఇనప గొట్టం, నేల మీద నిలబెట్టి మందు పోసి పైన ఇటుక పొడి లాంటిది దట్టించి పేలుస్తారు.

మందు కూడా పాతకాలం నల్ల మందే. నూటికి 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. ఇది కాలినప్పుడు మొత్తం పొగైపోదు, బరువులో సగానికి పైగా మసి లాగా, పొక్కు లాగా మిగిలిపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, కింద చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

గుండు వెయ్యట్లేదు కదా, ఉత్త మందే కదా, ఇంక ప్రమాదం ఏముంది?

ఈ మాట నేను వినని జాతర లేదు. గుండు లేకపోయినా మూతి నుంచి వచ్చే మంట ఉంది, దాని వెనకాల పేలిక ఉంది. దట్టించిన పేలిక కొన్ని అడుగుల దాకా గుండు తగిలినట్టే తగులుతుంది, కంటికి తగిలిందా కన్ను పోయినట్టే. పైగా అది కాలుతూ వెళ్ళి ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది. 1613 జూన్ 29న లండన్‌లో గ్లోబ్ థియేటర్ మొత్తం బూడిదైంది ఇందుకే, నాటకంలో రాజుగారు వచ్చే సీన్‌కి ఉత్త మందుతో చిన్న ఫిరంగి పేల్చారు, నిప్పు ఎగిరి గడ్డి కప్పు మీద పడింది, ముందు ఎవరూ పట్టించుకోలేదు, కాసేపట్లోనే మొత్తం కాలిపోయింది. మన జాతరల్లో కొబ్బరాకుల పందిళ్ళు, షామియానాలు, గడ్డివాములు ఎంత దగ్గర్లో ఉంటాయో మీకు తెలుసు.

ఇంకోటి, "దట్టంగా కొడితే సౌండ్ బాగా వస్తుంది" అని పేలిక బదులు గులకరాళ్ళు, ఇనప ముక్కలు, తడి మట్టి గట్టిగా కుక్కేవాళ్ళు ఉన్నారు. అప్పుడది ఉత్త మందు కాదు. రాయి వేశాక అది తుపాకే, జనం మీదికి కాల్చినట్టే లెక్క.

ఎక్కువగా ఎప్పుడు ప్రమాదం జరుగుతుంది? పేలేటప్పుడేనా?

కాదు. మనందరం పేలేటప్పుడు చెవులు మూసుకుని దూరంగా జరుగుతాం, పేలిపోగానే అయిపోయిందిలే అని దగ్గరికి వస్తాం. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది, రెండో సారి నింపేటప్పుడు.

ఎందుకంటే పైన చెప్పా కదా, మందు కాలాక లోపల మసి మిగులుతుంది, ఆ మసిలో ఎక్కడో ఒక మూల చిన్న నిప్పు రవ్వ ఉండిపోతుంది, పేలిక ముక్క ఒకటి లోపలే అంటుకుని రాజుకుంటూ ఉంటుంది. బయటికి ఏమీ కనపడదు. ఇంకో రౌండు కోసం పైనుంచి మందు పొయ్యగానే అది అందుకుంటుంది. ఆ టైంలో నింపేవాడి చెయ్యి మూతి మీద ఉంటుంది, మొహం మూతి పైన ఉంటుంది, గజం లోపల ఉంటుంది. గజం బాణం లాగా బయటికి వస్తుంది. చేతులు పోయేది, కళ్ళు పోయేది ఇక్కడే.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ అనే కోట మీద దాదాపు 34 గంటలు నిజం గుండ్లు కురిపించారు, ఆ పోరులో ఒక్కడు కూడా చావలేదు. కోట అప్పజెప్పాక ఏప్రిల్ 14న జెండాకి సలామీగా వంద తోపులు పేల్చాలని మొదలుపెట్టారు. మధ్యలో నింపుతుండగానే ఒక ఫిరంగి పేలి డేనియల్ హౌ అనే సైనికుడు అక్కడికక్కడే పోయాడు, పక్కన పేర్చిన మందు కూడా అంటుకుని ఇంకొంతమంది దెబ్బతిన్నారు. వంద అనుకున్నది యాభైకి ఆపేశారు. వాళ్ళు జాతర కుర్రాళ్ళు కాదు, రోజూ ఫిరంగులతోనే ఉండే సైనికులు.

అందుకే తెలిసిన వాళ్ళు చేసే పద్ధతి ఎలా ఉంటుందంటే, ప్రతి రౌండు తర్వాత ముందు కడ్డీకి కట్టిన తడిగుడ్డతో లోపల అడుగు దాకా తుడుస్తారు, తర్వాత పొడిగుడ్డతో తుడుస్తారు, తుడిచేటప్పుడూ దట్టించేటప్పుడూ ఒకడు తోలు తొడిగిన బొటనవేలితో రంజకం రంధ్రాన్ని గట్టిగా మూసి ఉంచుతాడు, గాలి ఆడితే లోపలి రవ్వ మళ్ళీ రాజుకుంటుందని. దట్టించేవాడు మూతికి ఎదురుగా నిలబడడు, పక్కన నిలబడి చెయ్యి మాత్రమే చాపుతాడు, గజాన్ని పిడికిలంతా బిగించి పట్టుకోడు, పేలినా వేళ్ళ మధ్య నుంచి జారిపోయేలా పట్టుకుంటాడు. మా వైపు చాలా చోట్ల తడిగుడ్డ అనే మాటే లేదు, గొట్టాన్ని తలకిందులు చేసి రెండు సార్లు తట్టి మళ్ళీ పోస్తారు. తడితే మసి రాలుతుందేమో గానీ నిప్పు ఆరదు.

స్వామీ, శబరిమలలో వెడి వళిపాడు (మన పేరు మీద కతినా పేల్పించే మొక్కు) చేయించుకుంటాం, అక్కడ దగ్గర నిలబడొచ్చా?

మొక్కు చెల్లించుకోండి, పేరు చెప్పి చీటీ రాయించుకోండి, మైకులో పేరు చదివాక చప్పుడు విని శరణం చెప్పుకుని ముందుకి నడవండి. పాత రోజుల్లో అడవి దారిలో జంతువులు దగ్గరికి రాకుండా ఈ వెడి మొదలైందని పెద్దలంటారు, ఇప్పుడు అది స్వామికి ఇచ్చే కానుక. అక్కడ నిలబడి చూడాల్సిన పని మాత్రం లేదు.

నేనొకసారి నిలబడి చూశా. ఇనప కంచె అవతల ఒకాయన గొంతుక్కూర్చుని వరసగా పెట్టిన కతినాల్లో మందు పోసి చిన్న కడ్డీతో కొడుతున్నాడు, టక్ టక్ టక్ అని ఒకే లయలో. మణికట్టు దాకా చెయ్యి నల్లగా ఉంది, గోళ్ళ సందుల్లో కూడా నలుపే, అది కడిగితే పోయే నలుపు కాదు. చేతికి గ్లోవ్స్ లేవు, కంటికి అద్దాలు లేవు. మాలలో ఉన్న మన స్వాములు మాత్రం కంచె మీద వాలి ఆయన పని చూస్తూ ఉన్నారు, ఇరుముడి తల మీదే ఉంది. నాకు అప్పట్లో అది ఎంత ప్రమాదమో తెలియదు, నేనూ అలాగే వాలి చూశా.

2023 జనవరి 2న శబరిమలలోనే మాళికాపురం గుడి దగ్గర కతినాలకి మందు నింపుతుండగా పేలింది. ముగ్గురు పనివాళ్ళకి ఒళ్ళు కాలింది, వాళ్ళల్లో తర్వాత ఆస్పత్రిలో ప్రాణం పోయినవాళ్ళు కూడా ఉన్నారు. చూశారా, అప్పుడు కూడా పేల్చేటప్పుడు కాదు, నింపేటప్పుడే. మొక్కు మనది, ఆ మొక్కు కోసం మందు దగ్గర కూర్చునేది ఇంకొకడు. మన పది రూపాయలో ఇరవై రూపాయలో వెనక ఆయన చేతులున్నాయి. అందుకే నేను మా బృందంలో అందరికీ ఒకటే చెప్తా, చీటీ రాయించుకునే చోటికి ఒకరు వెళ్ళండి, మిగతా వాళ్ళు దారిలో ఆగకుండా పోతూ ఉండండి, అక్కడ గుంపు కట్టొద్దు, కర్పూరం, అగరొత్తులు వెలిగించి ఉన్నవి ఆ వైపుకి అసలు తీసుకుపోవద్దు.

పేలకుండా తుస్సుమంటే ఏం చెయ్యాలి?

ఏమీ చెయ్యకూడదు. ఎవరూ దగ్గరికి పోకూడదు. కనీసం పది నిమిషాలు వాచీ చూసుకుని మరీ ఆగాలి, తర్వాత పక్క నుంచి వెళ్ళి ముందు రంజకం రంధ్రంలో, తర్వాత మూతిలో నీళ్ళు పోసి మందు పూర్తిగా నానిపోయాక తీసెయ్యాలి. ఆ గొట్టాన్ని ఆ పూటకి మళ్ళీ వాడొద్దు.

ఇది నాకు మా మేనమామ వల్ల తెలుసు. నాకప్పుడు పదేళ్ళు. జాతరలో మూడో తోపుకి వత్తి కాలిపోయింది, చప్పుడు రాలేదు. జనం అంతా చెవుల్లో వేళ్ళు పెట్టుకునే ఉన్నారు. ఒక అర నిమిషం అయ్యాక ఎవరో "తడిసిపోయింటాది లేరా" అన్నారు, మామ వెళ్ళి వంగి చూశాడు, ఆరిందా లేదా అని నోటితో ఊదాడు కూడా. ఊదిన గాలికే రవ్వ రాజుకుంది. ఎడమ కన్ను పోయింది, ఆ వైపు చెంప మీద మందు గింజలు చర్మం లోపలికి దిగిపోయి నల్ల చుక్కలు పచ్చబొట్టు లాగా ఇప్పటికీ ఉన్నాయి. ఎవరినీ తప్పు పట్టడానికి రాయట్లేదు, అప్పుడు కమిటీలో ఉన్నవాళ్ళకి కూడా ఏమీ తెలియదు, ఆగాలి అని చెప్పేవాడు ఒక్కడు కూడా లేడు అంతే. ఆయన ఇప్పుడు కూడా జాతరకి వస్తాడు, చప్పుడు రాకపోతే మాత్రం అందరికంటే ముందు ఆయనే లేచి చేతులు చాపి జనాన్ని వెనక్కి తోస్తాడు.

మందు ఎంత వెయ్యాలి? బాణాసంచా మందు పోస్తే సౌండ్ ఎక్కువ వస్తుందంటారు నిజమేనా?

ఎంత వెయ్యాలో నేను రాయను, ఎందుకంటే అది గొట్టాన్ని బట్టి, లైసెన్సు ఉన్న మనిషి కొలిచి చెప్పాలి, ఇలా చదివి కొలుచుకునేది కాదు. అది ఎలా నింపకూడదో మాత్రం చెప్తా. డబ్బాలో నుంచి, సీసాలో నుంచి నేరుగా గొట్టంలోకి వంచకూడదు. లోపల రవ్వ ఉంటే మంట ఆ ధార వెంట పైకి పాకి చేతిలో డబ్బా మొత్తం పేలుతుంది, ఒక రౌండు మందుతో పోయేది కిలో మందుతో పోతుంది. ముందుగానే ఒక్కో రౌండుకి విడివిడిగా గుడ్డ సంచుల్లోనో కాయితం పొట్లాల్లోనో కట్టి, ఒక్కటొక్కటే తీసుకురావాలి.

బాణాసంచా మందు మాత్రం చచ్చినా పొయ్యొద్దు. టపాకాయల్లో ఉండే అల్యూమినియం పొడి మందు కాలే వేగం వేరు, దాని వత్తిడికి పాత ఇనుము ఆగదు, గొట్టమే ముక్కలై బాంబు పెంకుల్లాగా లేస్తుంది. ఇప్పటి తూటాల్లో ఉండే పొగ రాని మందు కూడా అంతే, దాన్ని నాటు తుపాకిలో పోస్తే పగులుతుంది. పొటాషియం క్లోరేట్‌తో గంధకం కలిపేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ మిశ్రమానికి నిప్పు కూడా అక్కర్లేదు, గట్టిగా రాసుకున్నా చాలు, అందుకే మన దేశంలో బాణాసంచాలో ఆ రెండూ కలపడం 1992 నుంచి నిషేధం. ఇంట్లో రోట్లో మందు నూరుకోవడం గురించి నేను మాట్లాడను కూడా, అది చేసేవాడి దగ్గర నుంచి పిల్లల్ని తీసుకుని బయటికి రండి.

దట్టించే కడ్డీ కర్రదో రాగిదో ఇత్తడిదో ఉండాలి. ఇనుముతో ఇనుము కొడితే రవ్వలొస్తాయి, కమ్మరి కొలిమి దగ్గర చూడలేదా.

మందు ఎక్కడ పెట్టాలి? పేల్చే చోటే ఉంటే ఈజీగా ఉంటుంది కదా?

ఈజీగానే ఉంటుంది, ఊళ్ళకి ఊళ్ళు ఏడ్చింది కూడా ఆ ఈజీ వల్లే. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కొల్లం జిల్లా పరవూరులో పుట్టింగల్ గుడి దగ్గర బాణాసంచా నిప్పు పోయి నిల్వ పెట్టిన గది మీద పడింది, వంద మందికి పైగా చనిపోయారు. అది జరిగి ఎనిమిదేళ్ళు అయ్యాక 2024 అక్టోబర్ 28 రాత్రి కాసర్‌గోడ్ జిల్లా నీలేశ్వరంలో తెయ్యం (దేవుడి వేషం కట్టి ఆడే కేరళ ఆచారం) ఉత్సవంలో మళ్ళీ అదే కథ, టపాకాయలు దాచిన షెడ్డు పక్కనే కాల్చారు, నూట యాభై మందికి పైగా గాయాలు, కొంతమంది తర్వాత చనిపోయారు. ఇవి తోపులు కావు, బాణాసంచా, కానీ తప్పు ఒకటే, కాల్చే చోటూ దాచే చోటూ పక్కపక్కనే.

మూత ఉన్న చెక్క పెట్టెలో, తడి గోనె కప్పి, గాలి వీచే వైపు కాకుండా వెనక వైపు, దూరంగా పెట్టి, దాని దగ్గర ఒకే మనిషిని పెట్టండి. ఆ మనిషి జేబులో ఫోన్, బీడీ, అగ్గిపెట్టె ఏదీ ఉండకూడదు, నైలాన్ పాలిస్టర్ బట్టలు కాకుండా నూలు బట్టలు కట్టుకోవాలి, అంటుకుంటే ఆ నైలాన్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

మైసూరులో అన్ని తోపులు పేలుస్తారు, ఏమీ కాదు కదా?

మైసూరులో విజయదశమి రోజు అంబారీలో చాముండేశ్వరి అమ్మవారికి పూలు వేసే టైంలో, పోలీస్ బ్యాండ్ జాతీయగీతం వాయిస్తుంటే 21 కుశాల తోపులు, అంటే సలామీ తోపులు, పేలుస్తారు. ఆ ఫిరంగులు పాతకాలంవే, మూతి నుంచి నింపేవే. కానీ పేల్చేది ఎవరు? సిటీ ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులు, దానికోసమే ఏర్పాటు చేసిన టీమ్. ఒక్క ఫిరంగితో 21 రౌండ్లు లాగరు, ఏడు ఫిరంగులు వరసగా పెట్టి వంతులవారీగా పేలుస్తారు. ఒక్కో ఫిరంగి చుట్టూ ఒక్కొక్కరికి ఒక్కో పని, తుడిచేవాడు తుడవడమే, దట్టించేవాడు దట్టించడమే, నిప్పు పెట్టేవాడు నిప్పు పెట్టడమే. పండగకి వారాల ముందు నుంచీ ప్రాక్టీస్ చేస్తారు. ఇన్ని ఉన్నా అది ప్రమాదం లేని పని కాదు, వేగంగా నింపాల్సి రావడమే అందులో కష్టం.

నాకు బాగా నచ్చేది ఏనుగుల రిహార్సల్. దసరా ఏనుగుల్నీ గుర్రాల్నీ తీసుకొచ్చి ఫిరంగుల చప్పుడు అలవాటు చేస్తారు, అదీ ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు. మొదటిసారి చప్పుడుకి కొత్త ఏనుగు ఎలా ఉంటుందో చూశా, తొండం లోపలికి చుట్టేసుకుని ఒక అడుగు వెనక్కి వేసి పక్కనున్న పెద్ద ఏనుగుకి ఆనుకుంది, మావటి చెవి వెనక చేత్తో రాస్తూ ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. పెద్దది కదల్లేదు. మూగజీవానికి అంత తయారీ ఇచ్చి మరీ పేలుస్తారు అక్కడ. మనం జాతరలో చంకలో పసిబిడ్డ ఉన్న తల్లి పక్కనే చెప్పా పెట్టకుండా పేలుస్తాం.

మా ఊరి కోటలో పాత ఫిరంగి ఉంది, శుభ్రం చేసి జాతరకి పేల్చొచ్చా?

వద్దు. మన రెండు రాష్ట్రాల్లో కోటల్లో గడీల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి, పైకి దిట్టంగా కనపడతాయి. పోత ఇనుము లోపల వందల ఏళ్ళ తుప్పు తినేసి ఉంటుంది, పోత పోసినప్పుడే ఉన్న గాలి బుడగలు, సన్నని బీటలు కంటికి కనపడవు. కొత్తగా ఉన్న రోజుల్లోనే అవి పగిలేవి, 1460లో స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ రాక్స్‌బరో కోట ముట్టడిలో తన సొంత ఫిరంగి పక్కన నిలబడి ఉండగా అది పగిలి ముక్క తగిలి చనిపోయాడు. రాజు పక్కనున్న ఫిరంగే అట్లా పగిలితే మన గడీ ముందు పిల్లలెక్కి ఆడుకునే ఫిరంగి సంగతి ఏం చెప్పాలి.

అసలు అది ఖాళీగానే ఉందని ఎవరు చెప్పారు? న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఎన్నో ఏళ్ళు జనం మధ్య ఉన్న ఫిరంగిని 2013 జనవరిలో తుప్పు వదిలిద్దామని తెరిస్తే లోపల గుండూ, 800 గ్రాముల పైన మందూ అలాగే ఉన్నాయి. రెండు వందల ఏళ్ళ పైనాటి మందు. అందుకే లోపల గునపం పెట్టి పొడవడం, గ్రైండర్ పెట్టి గీకడం, మంట పెట్టి తుప్పు వదిలించడం ఏదీ చెయ్యొద్దు, ముందు తహసీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పండి. అది మన ఊరి చరిత్ర, పగిలిపోతే మళ్ళీ రాదు.

నాటు తుపాకి గాల్లోకి కాలిస్తే కేసు అవుతుందా?

అవుతుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోవడమే నేరం, నాటు తుపాకికి కూడా లైసెన్సు కావాలి. 2019లో సవరణ చేసి 25వ సెక్షన్‌లో తొమ్మిదో ఉపసెక్షన్ పెట్టారు, పెళ్ళిళ్ళలో, గుళ్ళ దగ్గర, జనం గుమిగూడిన చోట సంబరానికి తుపాకి కాల్చి ఇతరుల ప్రాణాలకి ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఉన్నవాడికి కూడా ఇది వర్తిస్తుంది. మందు విషయం వేరే, అది 1884 పేలుడు పదార్థాల చట్టం, 2008 రూల్స్ కిందికి వస్తుంది, తయారు చెయ్యాలన్నా నిల్వ పెట్టాలన్నా దానికి లైసెన్సు ఉండాలి.

ఊరి ఆచారం అంటే ఊరుకుంటారనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లో రాయ్‌సేన్ కోట మీద రంజాన్ నెలలో సహరీకి, ఇఫ్తార్‌కి తోపు పేల్చే ఆచారం భోపాల్ నవాబుల కాలం నుంచి ఉంది, దానికి కూడా ఏటా కలెక్టర్ దగ్గర అనుమతి తీసుకునే పేలుస్తారు.

మరి కూర్గ్‌లో ఇంటింటికీ తుపాకి ఉంటుందంటారు, వాళ్ళకి లేదా చట్టం?

కూర్గ్‌లో ఉండే కొడవ జాతి వాళ్ళకి, అక్కడ జమ్మా భూములు (వంశపారంపర్యంగా వచ్చే భూములు) ఉన్న వాళ్ళకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది, బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి వస్తున్నది, ఇప్పుడున్న నోటిఫికేషన్ 2029 దాకా నడుస్తుంది. దాని మీద కేసు వేస్తే 2021లో కర్ణాటక హైకోర్టు మినహాయింపు సరైనదే అంది. వాళ్ళ దగ్గర తుపాకి పూజా వస్తువు, కైల్‌పొద్ అనే ఆయుధాల పండగకి పూలు పెట్టి పూజ చేస్తారు, పుత్తరి అనే కోతల పండగకి కొత్త వరి కోసే ముందు గాల్లోకి ఒక్కసారి కాలుస్తారు, మగబిడ్డ పుడితే ఒకటి, ఇంట్లో ఎవరైనా పోతే రెండు. చప్పుడు లెక్కపెట్టి ఊరికి విషయం తెలిసేది.

మినహాయింపు లైసెన్సుకే గానీ నిర్లక్ష్యానికి కాదు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి హోమ్‌స్టేలకి వెళ్ళే మనవాళ్ళు "ఒక్కసారి పట్టుకుంటాం సార్" అని అడుగుతుంటారు. అడగొద్దు. అది వాళ్ళ పెద్దల గుర్తు, మన ఫొటో కోసం కాదు, పైగా ఆ మినహాయింపు మన చేతికి వర్తించదు.

ఎంత దూరంలో ఉండాలి?

జనం ఎప్పుడూ మూతికి ఎదురుగా ఉండకూడదు, వెనక కూడా ఉండకూడదు, చక్రాల ఫిరంగి వెనక్కి తంతుంది. పక్కన, తాడు కట్టిన గీతకి అవతల. చిన్న గొట్టాలకైనా ఓ ముప్పై అడుగులు వదలండి, ఫిరంగి అయితే వంద అడుగులు దాటాలని నా లెక్క, స్థలం లేకపోతే ఆ చోట పేల్చొద్దు. తాడు కట్టేస్తే సరిపోదు, తాడు దగ్గర మనిషి ఉండాలి, ఎందుకంటే పిల్లలు తాడు కింద నుంచి దూరతారు.

చెవులకి ఏమవుతుంది? మా పాపకి రెండేళ్ళు.

పాపని తీసుకెళ్ళకండమ్మా, వెళ్ళినా బాగా దూరంగా ఉండండి. ఒక్కసారిగా వచ్చే చప్పుడు 140 డెసిబెల్స్ దాటితే ఒక్క దెబ్బకే లోపలి చెవి దెబ్బతినొచ్చు, తోపు దగ్గర అది దాటుతుంది. మామూలు టపాకాయకే నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదని మన రూల్. చెవిలో గుయ్యిమని రెండు రోజులు ఉంటే తగ్గుతుందిలే అనుకోకుండా చెవి డాక్టర్‌కి చూపించండి. పేల్చేవాళ్ళకైతే దూది సరిపోదు, మెడికల్ షాపులో దొరికే ఇయర్ ప్లగ్గులు, పైన హెడ్‌ఫోన్ లాంటి మఫ్‌లు రెండూ ఉండాలి. ఊళ్ళో ఆవుల్ని, కుక్కల్ని ముందే కట్టెయ్యమని చాటింపు వెయ్యండి, బెదిరిన ఎద్దు జనంలో పడితే అదొక ప్రమాదం.

ఎవరికైనా కాలితే వెంటనే ఏం చెయ్యాలి?

మామూలు చల్లటి నీళ్ళు, పారే నీళ్ళు, ఇరవై నిమిషాలు. ఐస్ వద్దు. పసుపు, టూత్‌పేస్ట్, ఇంకు, కోడిగుడ్డు ఏవీ పూయొద్దు, తర్వాత డాక్టర్ అదంతా గీకి తియ్యాల్సి వస్తుంది, ఆ నొప్పి కాలినదానికంటే ఎక్కువ. ఉంగరాలు, కడియాలు, మొలతాడు వాపు రాకముందే తీసెయ్యండి. ఒంటికి అతుక్కున్న బట్ట లాగొద్దు. కంట్లో ఏదైనా గుచ్చుకుని ఉంటే రుద్దొద్దు, పీకొద్దు, కంటికి వత్తిడి తగలకుండా కాయితం కప్పు లాంటిది అడ్డం పెట్టి కట్టి తీసుకెళ్ళండి. 108కి ఫోన్ చెయ్యండి, చేసేటప్పుడు "తుపాకి మందు పేలింది" అని స్పష్టంగా చెప్పండి. జాతరలో అంబులెన్స్ రావడానికి దారి ఉందా లేదా అన్నది పొద్దున్నే చూసుకోవాలి, రథం అడ్డంగా పెట్టాక కాదు.

తాగి ఉన్నవాణ్ణి కమిటీ వద్దనలేకపోతోంది, పెద్ద కుటుంబం వాడు, ఏం చెయ్యాలి?

వంశపారంపర్యంగా నిప్పు పెట్టే హక్కు ఆయనకి ఉండొచ్చు. ఆయన ఆ రోజు తాగి ఉంటే ఆ హక్కు ఆయన తమ్ముడికో కొడుక్కో ఇప్పించండి, ఊరి పెద్దలు నలుగురూ కలిసి పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడండి. అందరి ముందు ఆపితే పరువు సమస్య అవుతుంది, ఇంట్లో కూర్చుని చెప్తే చాలాసార్లు వింటారు. మా ఊళ్ళో అట్లాగే విన్నారు.

మొత్తం ఆపేయమంటారా? సౌండ్ బాక్స్‌లో తోపు చప్పుడు రికార్డింగ్ పెడితే సరిపోదా?

నేను ఆపేయమనను. ఆ చప్పుడు గుండెల్లో తగిలినప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, అమ్మవారు గుడి దాటి బయటికొచ్చిందని ఊరంతటికీ ఒక్కసారే తెలిసేది దానివల్లే. కానీ తడిగుడ్డ లేదు, నేర్చుకున్న మనిషి లేడు, లైసెన్సు లేదు, స్థలం లేదు అంటే ఆ ఏడాది పేల్చొద్దు, డప్పులు గట్టిగా కొట్టించండి. 21 పేల్చాలని మొక్కుంటే మూడుకి తగ్గించుకోండి, మధ్యలో టైం ఇచ్చి పేల్చండి. లెక్క తగ్గిందని ఏ దేవతా కోప్పడదు, నింపేవాడి చేతులు ఉండాలి మనకి.

వీడియో తీసుకోవచ్చా?

తాడు అవతల నుంచి జూమ్ చేసి తీసుకోండి. నింపేవాణ్ణి క్లోజప్ తియ్యాలని దగ్గరికి పోవద్దు, ఆయన్ని పేరు పెట్టి పిలవొద్దు, ఇటు చూడమని అడగొద్దు. ఆయన ఆ ఒక్క నిమిషం తల తిప్పకూడదు.